అన్న తెచ్చిన దిండు

పోయిన నెల మా బడి పిల్లలకు బహుమతులుగా టిఫిన్ డబ్బాలు కొందామని రాందాస్ చౌరస్తా దగ్గర కొత్తగా పెట్టిన పెద్ద దుకాణానికి వెళ్లాను. మెదక్ జిల్లా కేంద్రం అయ్యాక ఇట్లాంటివి చాలా వచ్చాయి. లోపల చల్లగా ఉంటుంది, అడగకముందే మనిషి వెంటబడి అన్నీ చూపిస్తాడు, కొనకుండా బయటికి రావాలంటే మొహమాటంగా ఉంటుంది. పక్క వరుసలో చిన్న వయసు జంట ఒకటి పసిపిల్లల పరుపులు చూస్తోంది. అమ్మాయి భుజం మీద నెలల పాప నిద్రపోతోంది. అమ్మేవాడు ఎలుగుబంటి మొహం కుట్టిన దిండు ఒకటి తీసి, పిడికిలితో లోపలికంటా అదిమి, "చూడుండ్రి మేడం, ఎంత మెత్తగున్నదో. దూది గూడ గింత మెత్తగుండదు" అన్నాడు. నేను ఆగలేకపోయాను. "ఏడాది నిండేదాకా దిండు పెట్టకు బిడ్డా, ఊపిరాడదు" అన్నాను. ఆ అమ్మాయి నా వైపు చూసి ఎంతో మర్యాదగా నవ్వింది. ఆ తర్వాత భర్త వైపు చూసింది. అతను దిండు తీసి బుట్టలో వేశాడు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. మా వదిన వెంట తిరిగిన కాలంలో ఈ ఊళ్లో ఎన్నో గడపల దగ్గర ఆ నవ్వే చూశాను.

మా వదినది రేగోడ్ దగ్గర పల్లె. ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నేను ఇంటర్ చదువుతున్నాను. నవాబుపేటలో మా పెంకుటింట్లో అంతకుముందు మాట్లాడే మనిషంటూ లేదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ అవసరమైనంత వరకే నోరు విప్పేది. అన్న సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎదుటివాళ్లు అడిగిందే మళ్లీ అడిగితే గాని జవాబు వచ్చేది కాదు. అట్లాంటి ఇంట్లోకి వదిన పొద్దున లేచింది మొదలు ఆగని నోటితో వచ్చింది. బోరింగు దగ్గర బిందెతో మాట్లాడేది, పొయ్యి రాజుకోకపోతే కట్టెలతో పోట్లాడేది. ఇంట్లో మనుషులు పలకకపోతే గోడ మీద పిల్లిని పిలిచి ముచ్చట పెట్టేది. మొదట్లో అమ్మకు తలనొప్పిగా ఉండేది. కొన్నాళ్లకు వదిన పుట్టింటికి పోతే, ఇల్లు బావురుమంటోందని అమ్మే గొణుక్కునేది.

అన్నకు బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు ఉండేది. పసుపు రంగు బోర్డు, అద్దాల తలుపు, లోపల ఎర్ర ఫోను. అప్పట్లో అదొక హోదా. పెళ్లిచూపులప్పుడు వదిన వాళ్ల నాన్న అన్న చదువు గురించి అడగలేదు గాని, "ఢిల్లీకి గూడ కలుస్తదా?" అని ఫోను గురించి అడిగాడట. మా చుట్టుపక్కల పల్లెల మగవాళ్లు చాలామంది దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండేవారు. ఆదివారం వస్తే వాళ్ల తల్లులు, భార్యలు బూతు ముందు చెట్టు నీడన కూర్చుని వంతు కోసం చూసేవారు. అన్న అన్నం తినడానికి ఇంటికొచ్చినప్పుడు వదిన పోయి బూతులో కూర్చునేది. దూరదేశం కదా అని ఫోనులో గొంతు చించుకునే ముసలమ్మలకు, "అవ్వా, మెల్లగ మాట్లాడు. నువ్వట్ల మొత్తుకుంటే ఇంటి కాడ ఏమైందోనని ఆడ నీ కొడుకుకు గుండె దడ పుడ్తది" అని చెప్పేది. ఏడుస్తూ బయటికి వచ్చినవాళ్లకు నీళ్లిచ్చి కూర్చోబెట్టి మొత్తం సంగతి రాబట్టేది. "నువ్వు కూసుంటె అది బూతు కాదు, పంచాయతీ ఆఫీసైతుంది" అనేవాడు అన్న. అంటూనే నవ్వేవాడు. అన్నకు పై పళ్ల మధ్య సందు ఉందని నేను గమనించింది వదిన వచ్చాకే.

కొడుకు పుట్టాడు. పుట్టింట్లో పురుడు పోసుకుని, మూడో నెలలో బాబును తీసుకుని వదిన మెదక్ వచ్చింది. అమ్మ అప్పటికే పాత చీరలు మడిచి మెత్తటి బొంత కుట్టి పెట్టింది. తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి అరచేతంత దిండు కూడా కుట్టింది. అన్న అవేవీ చూడనట్టే ఉన్నాడు గాని, బూతుకు కొత్త మీటరు తెస్తానని హైదరాబాదు పోయి, తిరిగొచ్చేటప్పుడు జిప్పు ఉన్న పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి మోసుకొచ్చాడు. బస్సులో పైన పెడితే నలుగుతుందని నర్సాపూర్ అడవి పొడుగునా ఆ సంచిని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడట. లోపల ఏదో జంతువు ఉందనుకుని పక్కనున్న ముసలాయన జరిగి జరిగి సీటు అంచుకు పోయాడట. అన్న నోటి నుంచి అంత పొడుగు ముచ్చట వినడం మాకు అదే మొదలు. సంచి విప్పితే గులాబీరంగు పరుపు, దానికో దోమతెర, తలకింద పెట్టడానికి కుచ్చుల దిండు, పిల్లవాడు దొర్లిపోకుండా రెండు పక్కలకూ పొడుగు దిండ్లు. అన్నీ ఫోముతో చేసినవి. వేలు పెడితే లోపలికి పోయేంత మెత్తన.

అమ్మ దిండును తట్టి చూసి, "గింత మెత్తగుంటె పిలగాని మెడ నిలుస్తదా?" అంది. "హైదరాబాద్ల అందరు గివే పెడ్తుండ్రు" అన్నాడు అన్న. ఆ మాటకు తిరుగులేకపోయింది. అప్పట్లో హైదరాబాదులో ఉన్నదేదైనా మాకు ముందు బస్సులో రావాలి, వచ్చాక వాడకట్టంతా వచ్చి చూడాలి. రంగుల టీవీకి వచ్చినట్టే ఆ పరుపును చూడటానికీ ఆడవాళ్లు వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరూ దిండును బొటనవేలితో నొక్కి, వదిలి, మళ్లీ నొక్కారు. అమ్మకూ నాకూ జాకెట్లు కుట్టే ముస్లిం ఆవిడ, ఊరంతా ఖాలా అని పిలిచే మనిషి, ఆజంపుర నుంచి వచ్చి, "నవాబు బిడ్డ పండినట్టున్నడు" అని మెటికలు విరిచింది. అమ్మ కుట్టిన ఆవాల దిండు పోపులడబ్బాల పక్కకు చేరింది. వదిన మటుకు ఆ పరుపు మీద కొడుకును పడుకోబెట్టి, వాడికి అన్న బస్సు ప్రయాణం కథంతా చెప్పేది, ముసలాయనతో సహా.

నాలుగో నెల దాటాక వాడు బోర్లపడ్డాడు. మా వైపు అది పండగే. అమ్మ భక్షాలు చేసి వాడకట్టంతా పంచింది. నేను గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. వాడు బోర్లపడి, తల కాసేపు ఎత్తి చుట్టూ చూసి, బరువు ఆపలేక మళ్లీ ముక్కు నేలకు ఆనించేవాడు. గచ్చు మీద బొంత పరిచి వేస్తే మొహం ఎట్లాగో పక్కకు తిప్పుకుని ఏడ్చేవాడు. ఆ తిప్పలు చూసి మేమంతా నవ్వుకునేవాళ్లం. అప్పుడు మాకు తెలిసింది అంతే.

అది జరిగింది పట్టపగలు, ఇంట్లో అందరం మేలుకుని ఉన్న వేళ. వదిన వాడికి పాలిచ్చి, నిద్రపుచ్చి, మంచం మీద పరుపులో వేసి, రెండు పక్కలా పొడుగు దిండ్లు ఆనించి, పెరట్లో బట్టలు ఉతకడానికి పోయింది. అమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది. నేను ముందు గదిలో చదువుకుంటున్నాను. మాకెవరికీ ఏ చప్పుడూ వినబడలేదు. పసిపిల్లల ఊపిరి ఆగితే చప్పుడు కాదని, ఏడ్వడానికి కూడా ఊపిరి కావాలని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. బట్టలు ఆరేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వదిన గదిలోకి పోయింది. కాసేపటికి నా పేరు పెట్టి పిలిచింది. చెంబుతో నీళ్లు తెమ్మన్నప్పుడు పిలిచే మామూలు గొంతే. నేను పోయేసరికి వాడు ఆమె రెండు చేతుల మీద ఉన్నాడు, పెదాలు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. కుచ్చుల దిండు మధ్యలో వాడి మొహం పడినంత మేర గుంట ఉంది.

ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. అమ్మ చెప్పుల్లేకుండానే వచ్చింది. డాక్టరమ్మ చేయగలిగినంత చేసి, ఇక చేయడానికి ఏమీ లేక వాడిమీద తెల్లబట్ట కప్పింది. అమ్మ బయట మెట్ల మీద కూలబడింది. లోపల వదిన, నేను ఉన్నాం.

"ఎట్ల పండుకున్నడమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఎల్లకిల పండబెట్టిన. పోయి చూసేవరకు బోర్ల ఉన్నడు."

"మొహం?"

"దిండుల."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఏడాది నిండేదాక దిండు వద్దమ్మా పిల్లలకు. పక్కల కూడ ఏం పెట్టొద్దు. గట్టి పరుపు మీద ఎల్లకిల పండబెట్టాలె, అంతే. మెత్తటిదాంట్ల మొహం పడితే తిప్పుకునే బలం వాళ్లకుండదు. మీకు ఎవరు చెప్పిండ్రు గనక" అంది. ఆమె గొంతులో నింద లేదు. ఆ మాటలు అంతకుముందు ఎందరికో, అప్పుడు కూడా అంతా అయిపోయాకే చెప్పినట్టు అనిపించింది నాకు.

డాక్టరమ్మ అవతలి గదిలోకి పోయింది. అంతలో బయట ఎవరో అన్న వస్తున్నాడన్నారు. వదిన నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "పిల్లా, దిండు ముచ్చట మీ అన్నకు చెప్పకు. బస్సుల ఒళ్లె పెట్టుకోని తెచ్చిండు" అంది. అన్న లోపలికి వచ్చి, బల్ల వైపు చూసి, ఏమైందని అడిగాడు. రెండోసారి అడగనివ్వకుండానే వదిన జవాబు చెప్పింది. "పాలు తాపి పండబెట్టిన. గొంతుల అడ్డం పడ్డట్టున్నయి."

అట్లా ఆ నేరం ఆమె పేరున పడింది. మా అమ్మ చెడ్డ మనిషి కాదు, కానీ దుఃఖాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి గదా. బియ్యం కడుగుతూనో, వాకిలి ఊడుస్తూనో, ఉన్నట్టుండి చేతిలో పని ఆపి, "పాలు తాపినంక జర సేపు భుజం మీద ఏసుకోని తట్టితె అయిపోతుండె" అనేది. "అవునత్తమ్మా" అనేది వదిన. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. బిందెతో, పిల్లితో, పొయ్యితో మాటలు పోయాయి. బూతుకు పోవడం మానేసింది. ఆదివారాలు ముసలమ్మలు మళ్లీ గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టారు, ఆపేవాళ్లు లేరు. అన్న ఆమెను ఒక్క మాట అనలేదు. పాలు అడ్డం పడటం ఎవరికైనా జరగొచ్చని ఓదార్చేవాడు కూడా. ఆ ఓదార్పు వింటున్నప్పుడు వదిన మొహం చూడటం నా వల్ల అయ్యేది కాదు.

మరుసటి ఏడు మా పెద్దనాన్న వాళ్ల కోడలికి ఆడపిల్ల పుట్టింది. వాళ్ల ఇల్లు మా వెనక గల్లీలోనే. అటక మీద మూట కట్టి పెట్టిన గులాబీరంగు పరుపును, దిండ్లతో సహా, ఊరికే ఎలుకల పాలెందుకని అమ్మ వాళ్లకు ఇచ్చేసింది. వదినకు సాయంత్రం తెలిసింది. చేతిలో ఉన్న పిండి కడుక్కోకుండానే నన్ను వెంటబెట్టుకుని పోయింది. పెద్దమ్మ వాకిట్లో కూర్చుని మనుమరాలికి నూనె రాస్తోంది.

"పెద్దత్తమ్మా, పరుపు ఉంచుకోండ్రి. దిండ్లు నాకియ్యుండ్రి" అంది వదిన.

"ఇచ్చిన సామాను మల్ల అడుగుతరా బిడ్డా? నీ కడుపుల బాధ నాకు తెల్వదా. గని నీ కొడుకు పండిన జాగల ఇంకొకలు పండితె ఓర్వలేకపోతె ఎట్ల?"

వదిన చేతుల మీద పిండి ఎండిపోతూ ఉండటం నాకు ఇంకా గుర్తుంది. అప్పుడు అంది, "మా పిలగాడు పాలు అడ్డంపడి పోలే. ఆ దిండుల మొహం పడి ఊపిరాడక పోయిండు. డాక్టరమ్మ చెప్పింది. ఈ పిల్ల పక్కనే ఉండె, అడుగుండ్రి."

నేను అవునన్నాను. పెద్దమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "దిండుతోని పిల్లలు పోతరా ఎక్కడన్న? మేం పెంచలేదా ఇంతమందిని?" అని, నూనె రాయడం మళ్లీ మొదలుపెట్టింది. దిండ్లు ఇవ్వలేదు.

ఆ మాట మేం ఇల్లు చేరేలోపే బస్టాండు దాకా పోయింది. అన్న బూతు మూసి వచ్చాడు. వదిన వంటింట్లో పప్పు ఏరుతోంది.

"నిజమేనా?" అన్నాడు.

"ఊఁ" అంది.

"అంటే, నేను తెచ్చినదాంతోనా?"

"నువ్వు ప్రేమతోని తెచ్చినవు."

"తెచ్చిన గద" అన్నాడు అన్న. బోరింగు దగ్గరికి పోయి కాళ్లు కడుక్కున్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఆ ప్రస్తావన తేవడం నేనెప్పుడూ వినలేదు. అమ్మ మాత్రం నమ్మలేదు. తన పొరపాటును కోడలు మొగుడి మీదికి నెట్టిందనే అనుకుంది. పోయేదాకా పాల మాటే పట్టుకుని ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెద్దనాన్న వాళ్ల పాప అదే పరుపు మీద, అవే దిండ్ల నడుమ బంతిలా పెరిగింది. మొదటి పుట్టినరోజున పెద్దమ్మ ఆ పిల్లను తెచ్చి వదిన ఒళ్లో పెట్టి, అందరూ వినేటట్టు, "చూడు, నీ దిండు ఏం జేసింది మా పిల్లను?" అంది. వదిన పాప నెత్తిన ముక్కు ఆనించి వాసన చూసి, "ఏం జెయ్యలె పెద్దత్తమ్మా. సల్లగుండనీ" అంది. ఇంటికి తిరిగొస్తుంటే, "మంచిగనే ఉన్నది గద పిల్ల, మస్తు బొద్దుగున్నది" అని తనలో తాను నవ్వుకుంది. కొడుకు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ పిల్ల ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది. వదిన కనబడితే కాళ్లకు దండం పెడుతుంది.

వదిన చిక్కంతా అక్కడే ఉంది. దిండు పెట్టిన పిల్లలందరూ పోరు. చాలామంది బాగానే పెరుగుతారు. బాగా పెరిగిన ప్రతి పిల్లా ఊళ్లో ఆమె మాట అబద్ధమని తిరిగే సాక్ష్యం. ఆమె మాట నిజమని తేలాలంటే ఇంకో ఇంట్లో అదే జరగాలి. అది జరగొద్దని తిరిగేదీ ఆమే. ఎవరింట్లో పురుడైందని తెలిసినా, పదకొండో రోజు గడవగానే నన్ను తోడు తీసుకుని బయల్దేరేది. తర్వాత్తర్వాత నేను టీచరునయ్యాక నన్ను ముందు నడిపించేది, టీచరమ్మ చెబితే వింటారని. విన్నట్టు కనబడేవారు. చాయ్ ఇచ్చేవారు. మేం చాయ్ తాగేలోపు పిల్ల బుగ్గన నల్లచుక్క పెద్దదయ్యేది. కొన్ని ఇళ్లలో పిల్లను లోపలి గదిలోకి తీసుకుపోయి, నిద్రపోతోందని చెప్పేవారు. ఫతేనగర్‌లో ఒక ముసలాయన తాను పుట్టిన్నాటి నుంచి దిండు మీదే పడుకున్నానని, తనకేమీ కాలేదని మాతో గంటసేపు వాదించాడు. వదిన ఆయన బట్టతలను తేరిపార చూసి, "నాకైతె అనుమానమే తాతా" అంది. ఆ రోజు దారంతా ఇద్దరం నవ్వుకున్నాం. దవాఖాన నర్సమ్మలు కూడా టీకాలప్పుడు చెప్పేవారు. వాళ్లకూ తలలు ఊపేవారు, ఇంటికి పోయి దిండు పెట్టేవారు.

వదిన అడగకుండానే దిండు తీసేసిన ఇల్లు ఒకటే, అది నాది. నా కూతురు పుట్టినప్పుడు ఏడాది నిండేదాకా చాప మీద పలచటి బొంత తప్ప ఏమీ వేయలేదు. పిల్ల తల వెనక చదునుగా వచ్చిందని మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చూపించి బాధపడేది. ఇప్పుడు నా కూతురు జడ వేసుకున్నప్పుడల్లా ఆ చదును తడిమి నన్ను ఆటపట్టిస్తుంది. వదిన నెలకోసారి వచ్చి, పిల్ల పక్కన కూర్చుని, చెప్పడానికి ఏమీ లేక ఊరికే చూసి పోయేది.

ఈలోపు సెల్‌ఫోన్లు వచ్చి బూతును మింగేశాయి. ముసలమ్మల చేతుల్లోకే దుబాయ్ వచ్చింది. అన్న అందులోనే జిరాక్సు మిషను పెట్టాడు గాని దుకాణంలో ఉండేది తక్కువ. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మళ్లీ రాజుకుంది. చౌరస్తాలో టెంటు వేశారంటే అన్న అక్కడే. ఆయన ఉపన్యాసం ఇచ్చే రకం కాదు. జంపఖానాలు పరిచేవాడు, నీళ్ల క్యాన్లు మోసేవాడు, రోడ్డు మీద వంటలు చేస్తే రాళ్లు పేర్చి పొయ్యి పెట్టేవాడు. ఎండలో నినాదాలిచ్చి గొంతు పోయినవాళ్లకు ఉప్పు నీళ్లు కలిపి ఇచ్చేవాడు. అలిసిపోతే టెంటులో ఓ మూలన చెయ్యి తలకింద పెట్టుకుని పడుకునేవాడు. ఇంట్లోనూ అంతే. ఆ ఇంట్లో దిండు అనేదే లేకుండా పోయింది. వాళ్లకు మళ్లీ పిల్లలు కలగలేదు. ఆయన టెంట్లలో, ఆమె ఇళ్ల గుమ్మాల్లో. ఇద్దరూ ఒకేసారి ఇంట్లో ఉండకపోవడం ఒక అలవాటుగా మారిపోయింది.

ఆ బంద్‌ల రోజుల్లోనే ఖాలా కూతురికి కొడుకు పుట్టాడు. ఆటోలు లేక ఆజంపుర దాకా నడిచే వెళ్లాం. ఖాలా అందరిలాంటిది కాదు. వదిన చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని వింది. చివర, మనవడి తలకింద నుంచి ఆవాల దిండు మెల్లగా తీసి, మా ఎదురుగానే అల్మారాలో పెట్టింది. "అచ్ఛా చెప్పినవు అమ్మీ" అంది. వదిన సంతోషం నేను మాటల్లో చెప్పలేను. గల్లీ మలుపు దాకా, వచ్చే శుక్రవారం ఇంకో ఇంటికి పోదామని, ఖాలాను కూడా తీసుకుపోదామని, ముస్లింల ఇళ్లలో ఆమె చెబితే వింటారని, ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడింది. బూతులో కూర్చునే వదిన మళ్లీ కనిపించింది నాకు. అప్పుడు చేతిసంచి మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగాం.

వాకిలి తెర పక్కకు జరిగి ఉంది. ఖాలా పిల్లవాడి మెడ కింద ఒక చెయ్యి వేసి తల ఎత్తి, రెండో చేత్తో దిండు సర్దుతోంది. తల ఎత్తి మమ్మల్ని చూసింది.

"బురా మానకు అమ్మీ, ఏమనుకోకు" అంది. "నీ దిల్ నొప్పియ్యొద్దని తీసిన. పోరని తల చపాటగ అయితది గద."

వదిన లోపలికి పోయి కుర్చీ మీది సంచి తీసుకుంది. "ఏం కాదు ఖాలా. జర అప్పుడప్పుడు పిలగాని దిక్కు చూస్తుండు" అంది.

ఆ తర్వాత వదిన ఇంకే ఇంటికీ పోలేదు. తిట్టినవాళ్లు, తలుపు వేసుకున్నవాళ్లు, ఆమె చూపు మంచిది కాదన్నవాళ్లు ఇన్నేళ్లూ ఆపలేని మనిషిని, చెయ్యి పట్టుకుని ఏడ్చిన ఖాలా ఆపేసింది. నమ్మకపోతే ఎట్లాగో వదినకు తెలుసు. ప్రేమగా నమ్మకపోతే ఏం చేయాలో తెలియలేదనుకుంటాను. ఖాలా మనవడికి ఏమీ కాలేదు. ఇప్పుడు హైస్కూల్లో చదువుతూ, సెలవుల్లో బస్టాండు దగ్గర మొబైళ్లు బాగుచేయడం నేర్చుకుంటున్నాడు. ఎవరింట్లోనైనా పురుడైందంటే, "మొగనా, ఆడనా?" అని అడిగి వదిన తన పనిలోకి తిరిగిపోతుంది.

రాష్ట్రం వచ్చిన రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఊరంతా డప్పులు, పటాకులు. మధ్యాహ్నం దాటాక అన్న వచ్చాడు. మొహం నిండా గులాలు, చొక్కా నిండా గులాలు. గుమ్మంలో నిలబడి, "వచ్చింది" అన్నాడు.

"మంచిగైంది. కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త" అంది వదిన.

అన్న కదలలేదు. వాకిట్లోకి ఒకసారి, ఇంట్లోకి ఒకసారి చూశాడు. రేపు పోవడానికి టెంటు లేదని అప్పుడే తట్టినట్టుంది. "ఇగ ఇప్పుడేం జెయ్యాలె?" అన్నాడు. ఆ ప్రశ్న ఎవరిని అడిగాడో నాకు అర్థం కాలేదు. వదిన కంచం కడిగి తెచ్చి పీట ముందు పెట్టింది. ఆయన తిన్నాడు. తిన్నాక కటిక గచ్చు మీద చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆమె పక్క గదిలో అట్లాగే పడుకుంది. మధ్యలో తలుపు తెరిచే ఉంది.

ఇప్పటికీ ఆ ఇంట్లో వాళ్లిద్దరే. నేను వారానికోసారి పోతాను. కూరగాయల గురించి, ఎండల గురించి మాట్లాడుకుంటాం. వాళ్లు ఒకరినొకరు నొప్పించుకోరు. అట్లాంటి జాగ్రత్త నేను ఇంకే ఇంట్లోనూ చూడలేదు, చూడాలని కూడా లేదు. కొన్నేళ్లు పోతే అన్నీ మనుషులకు అర్థమవుతాయని బళ్లో పిల్లలకు చాలా విషయాల గురించి చెబుతుంటాను. మా ఇంటి విషయంలో ఏళ్లు మాత్రమే పోయాయి.